కాసుగామైసిన్ మందు, కేఎస్‌జీఏ ఎంజైమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పడం నా పని. సెలవొస్తే బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊరికి పోయి, కనిగిరి రిజర్వాయరు కాలువ కింద మా చిన్నాయన చేసే వరి చేలో తిరుగుతాను. క్లాసులో పిల్లలు ఒక ఎంజైమ్ గురించి అడుగుతారు. గట్టు మీద రైతులు ఒక మందు డబ్బా గురించి అడుగుతారు. ఆ రెండూ ఒకే కథకు అటూ ఇటూ అని నాకే ఆలస్యంగా తట్టింది. ఇద్దరి ప్రశ్నలూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వరస మాత్రం అడగవద్దు, ఎవరు ముందడిగితే వాళ్లదే ముందు.

కేఎస్‌జీఏ అంటే ఏంది సార్? ఒక్క ముక్కలో చెప్పండి.

బాక్టీరియా కణంలో ఉండే ఒక చిన్న ఎంజైమ్. రైబోసోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏ మీద రెండు చోట్ల మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లున్న చిన్న ముక్కలు) తగిలించడం దాని పని. రైబోసోమ్ అంటే కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం. ఈ మధ్య పుస్తకాల్లో ఆర్‌ఎస్‌ఎంఏ అని కూడా రాస్తున్నారు. రెండూ ఒకటే, పరీక్షలో ఏది వచ్చినా కంగారు పడొద్దు.

ఎక్కడ తగిలిస్తుంది?

రైబోసోమ్‌కు రెండు ముక్కలుంటాయి. బాక్టీరియాలో చిన్న ముక్కను 30ఎస్ అని, పెద్ద ముక్కను 50ఎస్ అని అంటాం. చిన్న ముక్కలో 16ఎస్ అనే ఆర్‌ఎన్‌ఏ పోగు ఉంటుంది. ఈ.కోలై అనే బాక్టీరియాలో దాని పొడవు 1542 అక్షరాలు (పోగులో ఒక్కో కణికను ఏ, జీ, సీ, యూ అని ఒక్కో అక్షరంతో రాస్తాం). ఆ పోగు దాదాపు చివరికొచ్చాక చిన్న మెలిక ఒకటి తిరుగుతుంది. ఆ మెలిక కొసన జీ, జీ, ఏ, ఏ అని నాలుగు అక్షరాలుంటాయి. చివరి రెండు ఏలు 1518, 1519 నంబర్లవి. ఒక్కో ఏ మీద రెండేసి మిథైళ్లు, మొత్తం నాలుగు. మిథైల్ ఇచ్చేది ఎస్-అడినోసిల్ మిథియోనిన్. ఒక్కో మిథైల్‌కు ఒక్కో అణువు ఖర్చు, అంటే ఒక్క రైబోసోమ్‌కు నాలుగు.

ఈ.కోలై రైబోసోమ్ మొత్తం మీద ఇట్టా మార్పు చేసిన అక్షరాలు 36 ఉన్నాయి. చిన్న ముక్కలో 11, పెద్ద ముక్కలో 25. వాటిలో చాలావరకు ఒక్కో జాతిలో ఒక్కో తీరుగా ఉంటాయి. ఈ రెండు ఏల మీది గుర్తు మాత్రం బాక్టీరియా నుంచి ఈస్టు దాకా, ఈస్టు నుంచి మనిషి దాకా దాదాపు అందరిలోనూ కనబడుతుంది. నాకు ఈ ఎంజైమ్ మీద మోజు పుట్టింది అక్కడే.

ఆ పేరేంది? ఎవరి పేరైనా పెట్టారా?

మనిషి పేరు కాదు, గుడి పేరు. జపాన్‌లో నారా ఊళ్లో కాసుగా అనే పెద్ద దేవాలయం ఉంది. ఆ చుట్టుపక్కల మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ అనే ఒక మట్టి బాక్టీరియా నుంచి 1965లో హమావో ఉమెజావా బృందం ఒక యాంటీబయాటిక్ తీసింది. దాని పేరు కాసుగామైసిన్. కనమైసిన్‌ను కనిపెట్టిందీ ఆయన బృందమే. తర్వాత ఈ మందుకు లొంగని ఈ.కోలైని పట్టుకుని ఏ జన్యువు పాడైందా అని వెతికితే ఒకటి దొరికింది. దానికి కాసుగామైసిన్ పేరు మీదుగానే కేఎస్‌జీఏ అని పెట్టారు. ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏకు మిథైల్ తగిలించే ఎంజైమ్‌దని తేలింది 1971, 1972ల్లో. హెల్సర్, డేవీస్, డాల్‌బర్గ్ అనే ముగ్గురు చూపించారు.

మా చిన్నాయనకు ఇది చెప్తే, "అయితే మన పెంచలకోన మట్టిలోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది, పట్టుకెళ్లి చూడరాదా అబ్బయ్యా" అన్నాడు. తప్పు మాటేం కాదు. మట్టి ఎక్కడుంటే స్ట్రెప్టోమైసిస్ అక్కడుంటుంది. తొలివాన పడినప్పుడు వచ్చే మట్టివాసన వాటిదే.

కాసుగామైసిన్ అంటే మేం అగ్గితెగులుకు కొట్టేదేనా?

అదే. లీటరు నీళ్లకు 2.5 మి.లీ. అని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది దాన్నే. అగ్గితెగులు వరికి బూజు వల్ల వచ్చే జబ్బు. ఒకప్పుడు జపాన్ రైతులు అగ్గితెగులుకు పాదరసం కలిసిన మందులు వాడేవాళ్లు. అవి మానిపించడానికి వెతికిన వాటిలో ముందొచ్చింది బ్లాస్టిసిడిన్, తర్వాత వచ్చింది ఇది. మనుషులకూ జంతువులకూ విషం తక్కువ కాబట్టి ఇది నిలబడింది.

అది లోపలికి పోయి ఏం చేస్తుంది?

ప్రోటీన్ తయారీ మొదలు కాకుండా అడ్డం పడుతుంది. రైబోసోమ్ చిన్న ముక్కలో ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ ఎట్టా చేయాలో రాసి ఉన్న పోగు) జారుకుంటూ పోయే సన్నటి దారి ఒకటుంది. కాసుగామైసిన్ సరిగ్గా ఆ దారిలో 794, 926 నంబర్ల అక్షరాల మధ్య కూర్చుంటుంది. ఇది 2006లో రైబోసోమ్ స్ఫటికాల బొమ్మల్లో కనబడింది. మందు అక్కడుంటే ప్రోటీన్‌కు కావాల్సిన అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే మొదటి టీఆర్‌ఎన్‌ఏ వచ్చి తన చోట్లో కూర్చోలేదు. పిల్లకాలువ తూము దగ్గర రాయి పడితే చేనంతా ఎండినట్టు. రాయి చిన్నదే, పడిన చోటు అట్టాంటిది.

రైబోసోమ్ బొమ్మ తీయడమే పెద్ద తపస్సు. 2009లో వెంకీ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, ఆదా యోనత్‌లకు నోబెల్ వచ్చింది దానికే. రామకృష్ణన్ పుట్టింది చిదంబరంలో, నెల్లూరులో రైలెక్కితే ఒక పూట దూరం. ఈ మాట చెప్తే వెనక బెంచీ పిల్లలు కూడా ఫోను పక్కన పెడతారు.

ఎంజైమ్ పాడైతే మందు పనిచేయకపోవడమేంది? తిరకాసుగా ఉందే.

ప్రతి ఏడూ పిల్లలు తడబడే ప్రశ్న ఇది. మందు కూర్చునే చోటు 794, 926ల దగ్గర. మిథైళ్లుండే చోటు 1518, 1519. నంబర్లు చూస్తే ఎంతో దూరం. కానీ ఆర్‌ఎన్‌ఏ పోగు ఉండలా చుట్టుకుపోయి ఉంటుంది కదా, చుట్టుకున్నాక ఆ మెలిక 790ల మెలికను ఆనుకుని ఉంటుంది. మిథైళ్లు లేకపోతే ఆ చుట్టుపక్కల సర్దుబాటు కాస్త మారిపోతుంది. దాంతో మందు దెబ్బ పలచబడుతుంది.

మందుకు ఎదురు తిరిగిందంటే ఏదో కొత్త ఆయుధం సంపాదించిందని అనుకుంటాం. ఇక్కడ బాక్టీరియా చేసింది ఉన్నదాన్ని పోగొట్టుకోవడం. జన్యువులో ఎక్కడ దెబ్బ తగిలినా సరే ఎంజైమ్ చెడిపోతుంది, చెడిపోతే చాలు. చెడగొట్టడం ఎప్పుడూ తేలికే కదా, అందుకే కాసుగామైసిన్ ప్లేటు మీద ఇట్టాంటి మ్యూటెంట్లు, అంటే జన్యువు మారినవి, తేలిగ్గా దొరుకుతాయి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను ఈ పని చేశాను. మందు కలిపిన అగార్ ప్లేటు మీద ఈ.కోలైని పరిచి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. పొద్దున్నే చూస్తే ప్లేటు నున్నగా ఉంది, ఒక్క చుక్క లేదు. పాడైందనుకుని పారేయబోతే మా ల్యాబ్ అటెండర్ "ఇంకో పూట చూడండి సార్" అన్నాడు. రెండోరోజు సాయంత్రానికి ఆవగింజల్లాగా పదీ పన్నెండు కాలనీలు, లైటుకు ఎదురుగా పట్టుకుంటే తప్ప కనబడవు. వాటిని వేరే ప్లేట్ల మీదికి మార్చి, కొన్ని 37 డిగ్రీల్లో, కొన్ని బయట గదిలోనే ఉంచాను. అది జనవరి. 37 డిగ్రీల్లో ఒక మాదిరిగా పెరిగాయి. గదిలో ఉన్నవి మామూలు ఈ.కోలై కంటే బాగా వెనకబడ్డాయి. చలికి ఓర్చుకోలేకపోవడం ఈ ఎంజైమ్ పోయిన వాటి లక్షణమని చదివి ఉన్నాను గానీ, కళ్లతో చూసింది అప్పుడే.

అంత తేలికైతే బాక్టీరియా దాన్ని ఎప్పుడో వదిలేసుండాలి గదా? ఎందుకు మోస్తోంది?

మంచి ప్రశ్న, దీనికి కాస్త ఎక్కువ రాస్తాను.

వడ్లు అమ్మే రోజు ఎట్టా ఉంటుందో మీకు తెలుసు. కొనుగోలు కేంద్రం దగ్గర బస్తాలు వరసగా పెడతాం. ఒకాయన తేమ మిషను పట్టుకుని వస్తాడు. 17 శాతం లోపు ఉంటేనే తీసుకుంటారు. తేమ ఎక్కువున్న బస్తా దగ్గర ఆయన నిలబడిపోతాడు, అది కాటా మీదికి పోదు. ఆరబోసి మళ్లీ తెచ్చాక చూసి, సరేనని గుర్తు వేసి పక్క బస్తాకు పోతాడు.

కేఎస్‌జీఏ చేసేది అచ్చం అదే. 30ఎస్ ముక్క తయారీ ఒక్కసారిగా అయిపోదు. ఆర్‌ఎన్‌ఏ మడతలు పడాలి, ఇరవై పైచిలుకు ప్రోటీన్లు వచ్చి అతుక్కోవాలి, అంచుల్లో మిగిలిన ముక్కలు కత్తిరించాలి. పని ముగింపుకొచ్చి ఇంకా పూర్తికాని ముక్కను కేఎస్‌జీఏ పట్టుకుని కూర్చుంటుంది. అది కూర్చున్నంతసేపు ఆ ముక్క పెద్ద ముక్కతో జతకట్టి పనిలోకి దిగలేదు. మడత సరైన రూపానికి వచ్చాక నాలుగు మిథైళ్లు వేసి దిగిపోతుంది. గమనించండి, ఒట్టి 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ ఇస్తే ఈ ఎంజైమ్ దాన్ని ముట్టదు. పూర్తిగా తయారై పనిలో ఉన్న ముక్కనూ ముట్టదు. మధ్యలో ఉన్నదే దానికి కావాలి.

దీనికి రుజువు 2008లో కానలీ, రైఫ్, కల్వర్ అనే వాళ్ల ప్రయోగాల్లో వచ్చింది. ఎంజైమ్ మొత్తం తీసేస్తే బాక్టీరియా కుంటుతూనైనా బతుకుతుంది. ఎంజైమ్‌ను ఉంచి దాని మిథైల్ వేసే శక్తి మాత్రం తీసేస్తే ఇంకా ఘోరంగా దెబ్బతింటుంది. ఎందుకంటే అది ముక్కను పట్టుకుంటుంది, గుర్తు వేయలేదు, దిగదు. తేమ చూసే ఆయన రాకపోతే పచ్చివడ్లు కూడా కాటాకు పోతాయి, నష్టమే, అయినా వరస కదులుతుంది. ఆయన వచ్చి మిషను చెడిపోయి బస్తా మీద చెయ్యేసి నిలబడితే? రాత్రికి వాన.

అందుకే వదులుకోదు. మందు లేని చోట ఈ ఎంజైమ్ ఉన్న బాక్టీరియా లేనివాటిని దాటిపోతుంది. సాల్మొనెల్లాలోనూ, స్టెఫైలోకాకస్‌లోనూ దీన్ని తీసేసి చూశారు. రోగం కలిగించే శక్తి కూడా తగ్గింది.

మిథైల్ పడిందో లేదో ఎట్టా తెలుస్తుంది? కంటికి కనబడదు గదా.

రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌ను ఆర్‌ఎన్‌ఏ వెంట నడిపిస్తారు. అది ఆర్‌ఎన్‌ఏ చదువుతూ డీఎన్‌ఏ రాసుకుంటూ పోతుంది. రెండు మిథైళ్లున్న ఏ ఎదురైతే జత కట్టాల్సిన వైపు మూసుకుపోయి ఉంటుంది, కాబట్టి అక్కడే ఆగిపోతుంది. జెల్ మీద అక్కడ గీత పడుతుంది. కేఎస్‌జీఏ లేని మ్యూటెంట్‌లో ఆగకుండా పోతుంది, గీత పడదు. చిక్కేమిటంటే 1519 తర్వాత మిగిలింది 23 అక్షరాలే. ప్రైమర్ (చదవడం మొదలుపెట్టడానికి ముందు అంటించే చిన్న డీఎన్‌ఏ ముక్క) అంటించడానికి అంతకంటే చోటు లేదు. ఇరుకు సందులో ట్రాక్టరు తిప్పడమే.

అగ్గితెగులు బూజు వల్ల వస్తుందని మీరే చెప్పారు. బాక్టీరియా ఎంజైమ్ కథ దానికెట్టా పనికొస్తుంది?

పట్టుకున్నారు. అగ్గితెగులు శిలీంధ్రమే. దాని రైబోసోమ్ కూడా ప్రోటీన్లు చేసేదే కాబట్టి కాసుగామైసిన్ అక్కడా అడ్డం పడుతుంది. ఎంజైమ్ విషయంలో మాత్రం తేడా ఉంది. శిలీంధ్రాల్లో దీని దాయాది పేరు డిమ్1. ఈస్టులో డిమ్1 తీసేస్తే ఈస్టు చచ్చిపోతుంది. వింత ఏందంటే, మిథైల్ వేయలేని డిమ్1 ఉన్నా ఈస్టు బతుకుతుంది. రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ కత్తిరింపులకు ఆ ప్రోటీన్ అక్కడ ఉండాలి, మిథైల్ రెండో విషయం. కాబట్టి ఈ.కోలై మాదిరిగా "ఎంజైమ్ పారేసి తప్పించుకుంటా" అనే దారి శిలీంధ్రానికి అంత సులువు కాదు. దాని దారులు దానికున్నాయి. జపాన్‌లో 1970ల మొదట్లోనే కాసుగామైసిన్‌కు లొంగని అగ్గితెగులు కనబడింది.

మనలో ఉందా ఈ ఎంజైమ్?

దాయాదులున్నాయి. మన కణం రైబోసోమ్‌లకు డిమ్‌టీ1, మైటోకాండ్రియా రైబోసోమ్‌లకు టీఎఫ్‌బీ1ఎం. రెండోది లేని ఎలుక పిల్లలు కడుపులోనే చనిపోతాయి.

వరి మొక్కలో?

మొక్కల పచ్చదనం ఉండే క్లోరోప్లాస్టు ఒకప్పటి బాక్టీరియానే కాబట్టి దాని రైబోసోములకూ ఈ గుర్తు కావాలి. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవమొక్క చుట్టంలో ఆ ఎంజైమ్ పోయినదాన్ని పట్టుకున్నారు. మామూలు వేడిలో పచ్చగానే ఉంటుంది. చలిలో పెరిగిన కొత్త ఆకులు పాలిపోతాయి. అందుకే ఆ జన్యువుకు పాలిపోయిన ముఖం అనే అర్థంతో పేరు పెట్టారు. నా ఆవగింజ కాలనీలు జనవరిలో వెనకబడటం, ఈ ఆకులు చలికి పాలిపోవడం ఒకే తల్లి పిల్లలు.

ఎరిత్రోమైసిన్ పాఠంలో మిథైల్ తగిలిస్తే మందు పనిచేయదన్నారు. ఇక్కడ తీసేస్తే పనిచేయదంటున్నారు. ఏది రాయాలి?

రెండూ నిజం, ఎంజైములు వేరు. ఎర్మ్ అనే ఎంజైమ్ పెద్ద ముక్కలో 23ఎస్ ఆర్‌ఎన్‌ఏ మీద 2058వ ఏకు మిథైళ్లు తగిలిస్తుంది. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ కూర్చునేది సరిగ్గా అక్కడే, ఇక కూర్చోవడానికి వీలుండదు. ఆ ఎంజైమ్ ఉంటే నిరోధకత. ఎరిత్రోమైసిన్ తయారుచేసే బాక్టీరియా తన మందుకు తానే చావకుండా ఉండటానికి వాడేదీ ఎర్మ్‌నే. జెంటామైసిన్, అమికాసిన్ అనే ఇంజెక్షన్ మందుల జోలికి వస్తే ఆర్మ్ఏ అనే ఇంకో ఎంజైమ్ ఉంది, 16ఎస్‌లో 1405వ జీ మీద మిథైల్ వేస్తుంది. ఇవి రెండూ బయటినుంచి వచ్చిన సరుకు, ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పోతాయి. కేఎస్‌జీఏ ఇంటిమనిషి, పుట్టుకతో ఉన్నది. పరీక్షలో ఈ ఒక్క తేడా రాసినా సగం మార్కులు నేనిస్తాను.

అయితే చేలో కాసుగామైసిన్ కొడితే ఆస్పత్రిలో ఇంజెక్షన్లు పనిచేయకుండా పోతాయా?

కేఎస్‌జీఏ పోయినంత మాత్రాన జెంటామైసిన్‌కు నిరోధకత రాదు, అది కూర్చునే చోటు వేరు. కాసుగామైసిన్‌ను మనుషుల వైద్యంలో వాడటమూ లేదు. నన్ను కలవరపెట్టేది వేరే సంగతి. జపాన్ వరి చేలల్లో కంకిని కుళ్లబెట్టే బర్ఖోల్డేరియా గ్లూమే అనే బాక్టీరియాలో, కాసుగామైసిన్ అణువునే మార్చి పనికిరాకుండా చేసే ఎంజైమ్ దొరికింది. పోగొట్టుకున్న జన్యువు ఎవరికీ అంటదు. ఇట్టాంటి సంపాదించిన జన్యువు అంటుతుంది. దాని పక్కన ఇంకేం జన్యువులు ఎక్కి కూర్చుంటాయో ముందే చెప్పలేం.

ఎండాకు తెగులుకు కూడా ఇదే కొట్టమని షాపులో ఇచ్చారు. కొట్టొచ్చా?

ముందు అది ఏ తెగులో చూసుకోండి. మూడేళ్ల కింద మా చిన్నాయన చేలో ఆకులు కొసల నుంచి అంచుల వెంట ఎండుతూ వచ్చాయి. ఒక షాపాయన చూడకుండానే అగ్గితెగులని ట్రైసైక్లజోల్ అంటగట్టాడు. ట్రైసైక్లజోల్ చేసేది శిలీంధ్రంలో మెలనిన్ తయారీని ఆపడం, బాక్టీరియాకు దాంతో పనిలేదు. రెండు తడవలు కొట్టాక నాకు ఫోను చేశాడు.

నేను పోయి చేసింది ఇంతే. తెగులు పట్టిన ఆకును పొద్దున్నే కోసి, గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, కోసిన కొసను నీళ్లలో ముంచి కదపకుండా పట్టుకున్నాను. కాసేపటికి కోత దగ్గర నుంచి పలచటి పాలచార లాంటిది కిందికి జారింది. అది బాక్టీరియా. అగ్గితెగులైతే చార రాదు, ఆకు మీద నూలుకండె ఆకారం మచ్చలు, మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు ఉంటాయి. చిన్నాయన గ్లాసును ఎండకెత్తి చూసి "ఈ గ్లాసు ఆ షాపు బల్ల మీద పెట్టి వస్తా" అన్నాడు. పోలేదులే.

బాక్టీరియా ఎండాకు తెగులైతే ముందు నత్రజని ఆపండి, చేలో నీళ్లు తీసేయండి. ఇదివరకు వాడే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన మందును పంటల మీద వాడకూడదని కేంద్రం 2021లో ఉత్తర్వు ఇచ్చింది.

అగ్గితెగులే అని తేలితే ఎంత, ఎప్పుడు కొట్టాలి?

లీటరుకు 2.5 మి.లీ. అంటే 16 లీటర్ల ట్యాంకుకు 40 మి.లీ. మూత లెక్కన పోయొద్దు, ఒక్కో డబ్బాకు మూత ఒక్కో సైజు. కొలగ్లాసు వాడండి. ఇంకో డోసు కోసం అదే మందు మళ్లీ తేవద్దు. ట్రైసైక్లజోల్ లీటరుకు 0.6 గ్రాములు, ఐసోప్రోథయోలేన్ 1.5 మి.లీ., వీటిని మార్చి మార్చి వాడండి. ఒకే మందు మీద పడితే లొంగని బూజును మనమే ఏరి పెంచినట్టు, నా ప్లేటు మీద జరిగిందదే.

రాత్రి చలి, తెల్లారి మంచు, యూరియా ఎక్కువ, ఈ మూడూ కలిస్తే అగ్గితెగులు ఆగదు. డిసెంబరు, జనవరిలో పొద్దున ప్యాంటు మోకాళ్ల దాకా మంచుకు తడుస్తుంటే రోజూ చేను చూడండి. వెన్ను వచ్చాక పట్టుకుంటే మెడవిరుపు, అప్పుడు ఏ మందు కొట్టినా పుట్టి ధాన్యం రాలేదనే లెక్కే మిగులుతుంది.

మందు లేకుండా కుదరదా?

బీపీటీ 5204 వేసి తెగులు రాకూడదంటే కష్టం, ఆ రకం అగ్గితెగులుకు తేలిగ్గా లొంగుతుంది. నెల్లూరు వరి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 తట్టుకుంటుంది. మనం నెల్లూరు మసూరి అని పిలిచేది దాన్నే. చిన్నాయన ఈసారి కాలువ పక్క రెండెకరాలు అదే వేశాడు. మిగతాది బీపీటీనే, మిల్లు వాళ్లు అదే అడుగుతారని.